సహస్రకు ఛర్రా తుపాకి

తుపాకుల సంగతి బిక్షానికి తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదని గోదావరిఖని ఎయిట్ ఇంక్లైన్ కాలనీ మొత్తం ఒప్పుకుంటుంది. ఆ మాట కాలనీకి చెప్పింది కూడా బిక్షమే. పడుచుతనంలో ఆయన ఒకే ఒక్క ఛర్రా గుండుతో రెండు కౌజు పిట్టలను కొట్టాడట. ఆ ఛర్రా అక్కడితో ఆగక గోదావరి దాటిపోయి, అవతలి ఒడ్డున ఎవరిదో చింతచెట్టు నుంచి పులుసుకు సరిపడా కాయ రాల్చిందట. పిట్టలేవీ అని ఎవరన్నా అడిగితే, తిని అరగించుకున్నవాటిని ఎక్కడినుంచి తెచ్చి చూపాలె అని ఎదురు అడుగుతాడు.

ఉన్నమాట చెప్పాలంటే, ఆయన సర్వీసంతా బొగ్గుబాయిలో షాట్‌ఫైరర్‌గా గడిచింది. బొగ్గు గోడకు తూట్లు వేయించి, మందు కూరి, పేల్చడం ఆయన పని. తుపాకి చేతబట్టిన రోజుల కన్నా దాని గురించి చెప్పిన రోజులే ఎక్కువ.

అట్లాంటి మనిషిని ఎనిమిదేళ్ల మనవరాలు సహస్ర తుపాకి కొనిపెట్టమన్నది. జాతరలో గాలిబుగ్గల దుకాణం ముందు నిలబడి, వరసలో ఉన్న బుగ్గలన్నీ పేల్చి, దుకాణపువాడు దండం పెట్టేదాకా వదలని పిల్ల అది. బడిలో పీటీ సారు ఆదివారాలు గురి కొట్టడం నేర్పుతున్నాడు గానీ, ఎవరి ఎయిర్ రైఫిల్ వాళ్లే తెచ్చుకోవాలి. కొడుకు ఉపేందర్ "నాదేం లేదు బాపూ, సంధ్యను ఒప్పియ్యి" అని చేతులు దులుపుకొని డ్యూటీకి పోయాడు.

కోడలు సంధ్యారాణి కోపానికి రాలేదు. దానికే భయం వేసింది బిక్షానికి.

"నేను గూడ దుకాణంకు వస్త మామా. నా కండ్లతోటి చూస్త. నాకు ధైర్యమనిపిస్తే కొందం. లేకపోతే ఉత్త చేతులతోటి తిరిగొద్దం. ఆ తర్వాత ఈ ముచ్చట ఇంట్ల మళ్ల తియ్యొద్దు."

సహస్ర తాత చిటికెన వేలు పట్టుకొని ఆటో ఎక్కింది. దారి పొడవునా ఒక్క మాట మాట్లాడలేదు. ఆ పిల్ల నోరు మూసుకుందంటే ఎంత కోరిక మీద ఉందో తాతకు తెలుసు.

లక్ష్మీనగర్‌లో అబూబకర్ ఆటసామాన్ల దుకాణం ఉంది. అతను మూడు రకాల రైఫిళ్లున్నాయని చెప్పి, ముందు ఒకటి తీసి బల్ల మీద పెట్టాడు. బిక్షం దాన్ని ముట్టుకోలేదు. చేతికర్ర కొసతో దాని చెక్క మీద టక్ టక్ మని తట్టి, చెవి ఒగ్గి విన్నాడు.

"ఏం చేస్తున్నవు చాచా?" అన్నాడు అబూబకర్.

"బాయిల పైకప్పును గిట్లనే తట్టి చూస్తం. గుల్లగ మోగిందా, దాని కింద నిలబడొద్దు. ఇది గట్టిగ మోగుతున్నది. ఇదే ఖాయం చెయ్యి."

"అది బాయి కప్పు. ఇది టేకు చెక్క."

"చప్పుడు చప్పుడే. ఒకసారి నేను తట్టిన తట్టుడుకు పైన భూమి మీద మేస్తున్న బర్రె ఉలిక్కిపడి ఈనింది. ఆ దూడకు నా పేరే పెట్టిన్రు."

గట్టిగా మోగిన ఆ రైఫిల్‌ను సహస్ర రెండు చేతులా ఎత్తింది. ఎత్తిందనే చెప్పాలి. పొట్ట ముందుకు, తల వెనక్కి పెట్టి, ఒక్క క్షణం సర్కారు నల్లా దగ్గర నిండు బిందె ఎత్తుకున్నట్టు నిలబడింది. తర్వాత తుపాకి గొట్టం మెల్లమెల్లగా కిందికి వాలి నేల బండను ముద్దు పెట్టుకుంది.

"చాచా, ఇది పిల్ల మోసేది కాదు. పిల్లనే మోసేటట్టున్నది," అన్నాడు అబూబకర్.

"పిల్ల పెరుగదా? స్కూలు బట్టలు రెండు సైజులు పెద్దవి కొంటలేమా?"

"చొక్కా వదులైతే మడిచి కుడుతం మామా," అంది సంధ్యారాణి. "దీన్ని ఏడ మడవాలె?"

అబూబకర్ నవ్వు ఆపుకొని రెండోది తీశాడు. సన్నగా, తేలిగ్గా ఉంది. దీని గొట్టం విరిచి వంచితే లోపల స్ప్రింగు బిగుస్తుందనీ, అప్పుడే పేలడానికి తయారవుతుందనీ చూపించాడు. సహస్ర లాక్కున్నట్టే తీసుకుంది. మోకాలికి ఆనించి గొట్టం వంచింది. టక్ మంది. మూసింది. భుజానికెత్తింది. ఆ సంబరంలో, "తాతా, మంచిగున్నదా?" అంటూ గిర్రున తిరిగింది.

గొట్టం తిన్నగా తాత పొట్ట మీదికి చూస్తోంది.

సంధ్యారాణి అరవలేదు. అరచేయి చాపి గొట్టాన్ని నేలకు వంచి, రైఫిల్‌ను తీసి బల్ల మీద పెట్టింది.

"దాంట్ల ఛర్రా లేదమ్మా," అంది సహస్ర.

"లేదని ఈడ తెలుసు. ఇంట్ల ఎట్ల తెలుస్తది? నేను పొయ్యి కాడ ఉంట, నువ్వొక్కదానివే విరుస్తవు, పక్కింటి పిల్లలొస్తరు. వద్దు. పదండి మామా."

ఆమె సంచి భుజానికి వేసుకుంది. సహస్ర ఏడవలేదు. గాజు బల్లలోని క్రికెట్ బంతులను ఒక్కొక్కటే చూస్తూ నిలబడింది. ఈ దుకాణం మెట్లు దిగితే తుపాకి మాట మళ్లీ పుట్టదని బిక్షానికి అర్థమైంది. అలవాటుకొద్దీ చిరుతపులి కథ ఒకటి నాలుక మీదికొచ్చింది. దాన్ని మింగేశాడు.

"సంధ్యా, ఒక్క మాట విను బిడ్డా. బాయిల మందు పేల్చే డబ్బకు ఒక పిడి ఉంటది. పిడి పెట్టి తిప్పితేనే పేలుతది. ఆ పిడి డ్యూటీ ఉన్నంతసేపు నా జేబుల ఉండాలె, ఇంకెవ్వరికి ఇయ్యొద్దు. అన్ని దార్లకు మనుషులను నిలబెట్టి, అందరు పక్కకు జరిగిన్రని నేను నా కండ్లతోటి చూసినంకనే పిడి బయటికి తీసేది. మేనేజర్ వచ్చి అడిగినా ఇయ్యకపోతుంటి."

సంధ్యారాణి అనుమానంగా చూసింది. "ఇది గూడ కథనా?"

"కథైతే గింత సప్పగ ఉంటదా?"

అది నిజమేననిపించి ఆమె సంచి కిందికి దించింది. బిక్షం అబూబకర్ వైపు తిరిగాడు. "తేలికగ ఉండాలె, పొట్టిగ ఉండాలె, గొట్టం మాత్రం పిల్ల చేతికి వంగొద్దు. ఉన్నదా గసొంటిది?"

"ఉన్నది. పిల్లలకని ఎవరు తీస్కోరు దాన్ని. స్ప్రింగు మొండిదని వాపస్ తెస్తరు," అంటూ అతను మూడోది తెచ్చాడు. దాని వెనక చెక్కను సహస్ర మోచేతి మడతలో ఆనించి చూస్తే, వేలు సరిగ్గా ట్రిగ్గర్‌ను అందుకుంది. భుజానికెత్తితే నిలకడగా నిలిచింది. ఇక గొట్టం వంచమన్నారు. పిల్ల మోకాలు పెట్టింది, పళ్లు బిగించింది, బండ మీద కూర్చొని రెండు కాళ్లూ తన్నిపెట్టింది. అది వెంట్రుకవాసి కూడా కదల్లేదు.

"తాతా, ఇది ఖరాబైంది."

"కాలె. మంచిగున్నది."

తాత ప్రయత్నించాడు. సగం దాకా వచ్చి ఆగింది. "పెద్దమనిషిని గదా, మొత్తం విరిస్తే దుకాణంల ఉన్నోళ్లు భయపడుతరని ఆగిన," అన్నాడు భుజం రుద్దుకుంటూ.

సంధ్యారాణి అందుకుంది. నిండు గ్యాస్ బండను రోజు విడిచి రోజు జరిపి ఊడ్చే చేతులవి. ఒక్క గుంజుడుకు గొట్టం వంగి టక్ మంది. ఆమె తన చేతులవైపు తానే ఓసారి చూసుకుంది.

"సుభానల్లా," అన్నాడు అబూబకర్.

"అయితే పిడి నీ దగ్గర ఉంటది బిడ్డా," అన్నాడు బిక్షం. " నువ్వు విరిస్తేనే పేలుతది. నువ్వు లేనప్పుడు అది ఒట్టి కర్ర."

"మీ కొడుకు విరువడా?"

"వాడా? నిన్నడగకుంట టీవీ గూడ పెట్టడు."

"అంటే ఆదివారం ఆదివారం నేను గూడ బడికి పోవాలె."

"పోవాలె."

సహస్ర మాత్రం మూతి ముడిచింది. "నేను విరిచేటందుకు ఎప్పుడొస్తది?"

"విరవనొచ్చినప్పుడు," అంది తల్లి. ఆ మాటతో తను సగం ఒప్పుకున్నట్టేనని ఆమె గమనించలేదు. మామ గమనించాడు.

దుకాణం వెనక, గోడకు ఇసుక బస్తాలు పేర్చిన చిన్న వాకిలి ఉంది. అబూబకర్ బస్తాకు కాగితం గుచ్చాడు. అందరినీ ఉన్నచోటే ఉండమని సంధ్యారాణి ముందుకు పోయి, బస్తాల పక్కనున్న గల్లీ తలుపు తీసి అటూ ఇటూ చూసి, గొళ్లెం పెట్టి వచ్చింది. ఆమెకు ఆ పని ఎవరూ చెప్పలేదు. బిక్షం ఛాతీ ఉప్పొంగింది.

ఆమె గొట్టం విరిచి, ఛర్రా పెట్టి, మూసి ఇచ్చింది. సహస్ర ఊపిరి బిగబట్టి పేల్చింది. కాగితం మూల చిరిగింది. పిల్ల అటూ ఇటూ తిరగలేదు. గొట్టం నేలకు దించి, ఆ రైఫిల్‌ను రెండు చేతులా తల్లికి అందించి నిలబడింది.

సంధ్యారాణి అబూబకర్ వైపు తిరిగింది. "భాయ్, దీనికి కవరున్నదా?" అని అడిగింది.

"ఉన్నది అక్కా."

"కట్టిపెట్టు. ఇప్పుడే గాదు, జెర ఆగి." ఆమె ఇంకో ఛర్రా పెట్టి, రైఫిల్‌ను కూతురికి ఇవ్వకుండా తన భుజానికే ఎత్తుకుంది. "ఎట్లుంటదో నాకు తెలువాలె గదా."

ఛర్రా కాగితానికి నడుమన పడింది. తాతా మనవరాలూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.

"అమ్మా, ఇప్పుడు నా వంతు."

"ఉండు, అది ఊకెనే తాకినట్టున్నది. ఇంకొక్కటి కొట్టి చూస్త."

ఇది ఇప్పట్లో తెమిలేది కాదని తేలిపోయింది. బిక్షం నీడకు ఒక స్టూలు జరుపుకొని కూర్చొని, అబూబకర్‌ను అందరికీ చాయ్ చెప్పమన్నాడు.