తీరకూడని బాకీ

అప్పీలు కొట్టేశారన్న కబురు ఫోనులో వినగానే సిద్ధమ్మ గుండె జారిపోయింది. కొట్టేశారంటే ఓడిపోయామనే కదా ఎవరైనా అనుకునేది. ఆ దిగులులోనే లాయరమ్మను ఓదార్చబోయింది.

"పోనీలేమ్మా, నువ్వు మాత్రం ఏం జేస్తావు. మన రాత అట్ల ఉండాది."

అవతల పంకజాక్షి పకపకా నవ్వింది. "కొట్టేసింది మనది కాదు సిద్ధమ్మా, ఫ్యాక్టరీ వాళ్ళ అప్పీలు. మనం గెలిచినాం. నీ పరిహారం నీకే. ఇంకో మంచి మాట చెప్పేదా? ఓడిపోయినోళ్ళే నా ఫీజు గూడా కట్టాలని హైకోర్టు రాసింది. ఇంక నీకూ నాకూ రుణం తీరిపోయినట్లే."

గెలిచామన్న సంతోషం ఇంకా గొంతు దిగకముందే ఆ చివరి మాట వచ్చి అడ్డం పడింది. రుణం తీరిపోయిందనే మాటను సిద్ధమ్మ ఎక్కువగా విన్నది చావు ఇళ్ళల్లోనే. మొగుడు చెంగయ్య పోయిననాడు చుట్టూ కూర్చున్న ఆడవాళ్ళంతా అదే అన్నారు, ఆయనకూ నీకూ రుణం అంతవరకే, తీరిపోయింది, ఏడవబాకు అని. లాయరమ్మ పాపం బాకీ సంగతే చెప్పింది. సిద్ధమ్మకు మాత్రం ఆ రాత్రి ముద్ద మింగుడు పడలేదు.

సిద్ధమ్మది ఐరాల. చెంగయ్య పోయాక బంగారుపాళ్యం దగ్గర హైవే పక్కనున్న మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో సీజను కూలికి చేరింది. ఒకనాడు గుజ్జు తీసే మిషను ఆమె కుడిచేతి వేళ్ళను లాక్కుంది. బొటనవేలు ఒక్కటి దయతలచి వదిలిపెట్టింది. ఆస్పత్రి నుంచి వచ్చేసరికి ఫ్యాక్టరీ వాళ్ళు చక్కగా మాట మార్చారు. ఈమె మా మనిషే కాదు, మేస్త్రీ తెచ్చిన మనిషి, పైగా మిషను ఆడుతుంటే చెయ్యి పెట్టమని ఎవరు చెప్పారు అన్నారు. మిషను ఆపితే తిట్టేది వాళ్ళే. ఆ సంగతి కాగితాల మీద ఎక్కడుంటుంది?

చిత్తూరులో పంకజాక్షి కేసు పట్టింది. కార్మిక శాఖ కమిషనర్ దగ్గర గెలిపించింది. ఫ్యాక్టరీ వాళ్ళు హైకోర్టుకు అప్పీలు పోతే అక్కడా తనే నిలబడింది. ఫీజు ఎంతమ్మా అని సిద్ధమ్మ అడిగినప్పుడల్లా, "గెలిచినాక చూసుకుందాం లే" అనేది. సిద్ధమ్మ ఆ మాటను గట్టిగా పట్టుకుంది.

వేళ్ళు పోయిన నొప్పి కొన్నాళ్ళకు తగ్గింది. తగ్గనిది ఇంకొకటి ఉంది. సిద్ధమ్మ ఇప్పుడు ఎడమచేత్తో తినాలి. ఇంట్లో ఒంటరిగా తింటే ఎవరికీ పట్టదు. పదిమందిలో, బంతిలో కూర్చుని, ఎడమచెయ్యి విస్తట్లో పెడితే చూడండి, పక్కన కూర్చున్నవాళ్ళు ఏమీ అనరు, కొంచెం జరుగుతారు. అంతే. ఆ జరగడం చాలు. స్పూను పెట్టుకోవచ్చు కదా అని టౌను వాళ్ళు సలహా ఇస్తారు. రాగి సంగటిని స్పూనుతో తినడం ఎలాగో ఆ పెద్దలే వచ్చి చూపించాలి.

చెల్లెలి కొడుకు ఇల్లు కట్టుకుని పాలు పొంగించిన రోజున చెల్లెలు చౌడేశ్వరమ్మ ఆమెను చెయ్యి పట్టుకుని వంటింట్లోకి తీసుకుపోయింది. "నువ్వు ఈడ కూసోని నిదానంగా తినక్కా, ఆడ జనం రద్దీగా ఉండారు" అంది. ప్రేమగానే అంది. చెల్లెలిని తప్పు పట్టడానికి ఏమీ లేదు, అందుకే మరీ కష్టంగా ఉండింది. బంతిలో వడ్డించడానికి కూడా అందరూ పిలవడం మానేశారు. ఎడమచేత్తో వడ్డిస్తే తినేదెవరు? ఆ తర్వాత సిద్ధమ్మ పిలుపులన్నింటికీ ఒంట్లో బాగాలేదని చెప్పి, తలుపు వేసుకుని ఒంటరిగా తినేది. గోడకేసి చూస్తూ తినేది.

పంకజాక్షి ఆఫీసులో మాత్రం వేరు. కోర్టు వెనక సందులో మేడమీద చిన్న గది. మొదటిసారి విచారణ మధ్యాహ్నం దాకా సాగిన రోజున లాయరమ్మ క్యారియరు విప్పి, "కూసో, తిందాం" అంది. సిద్ధమ్మ వద్దంది. ఆకలి లేదంది. పంకజాక్షి వినకుండా పళ్ళెంలో అన్నం పెట్టేసింది. సిద్ధమ్మ ఎడమచెయ్యి చాపి, ఆగి, ఆమె మొహంలోకి చూసింది. పంకజాక్షి చారు గిన్నె పట్టుకుని, "పోసేదా, కలుపుకుంటావా?" అని మాత్రం అడిగింది. జరగలేదు. చూపు కూడా తిప్పుకోలేదు. సిద్ధమ్మ ఆనాడు కడుపునిండా తిని, బస్సులో ఐరాల దాకా కళ్ళు తుడుచుకుంటూనే పోయింది.

అప్పీలు హైకోర్టుకు పోయాక సిద్ధమ్మ చిత్తూరు రావలసిన పని లేదు. అయినా నెలకొకసారి వచ్చేది. బాకీ ఉన్న మనిషి మొహం చాటేయకూడదు కదా, కనబడుతూ ఉండాలి. చింతచిగురో, అలసందలో, కొర్రలో మూట కట్టుకుని వచ్చి, "ఏమన్నా తెలిసిందామ్మా?" అని అడిగేది. ఏమీ తెలియలేదని పంకజాక్షి చెప్పేది. ఇద్దరూ తినేవాళ్ళు. సిద్ధమ్మ మళ్ళీ బస్సెక్కేది. నెలంతా ఆ ఒక్క పూట కోసం బతికేది అంటే ఎక్కువ చెప్పినట్టు కాదు.

ఇప్పుడు ఆ బాకీని ఎవరో పరాయివాళ్ళు తీర్చేస్తారట.

ఫీజు ఎంత ఇప్పించాలో విచారించి తేల్చమని హైకోర్టు ఆ కార్మిక శాఖ కమిషనర్‌కే వదిలింది. ఆ విచారణ రోజున సిద్ధమ్మను కూడా రమ్మన్నారు. గదిలో కమిషనర్ హరినాథ్ ముందు పంకజాక్షి ఒకవైపు, ఫ్యాక్టరీ లాయరు ధనంజయ ఇంకోవైపు నిలబడ్డారు. ఓడిపోయినవాడికి మిగిలేది పేచీ ఒక్కటే. ధనంజయ దాన్ని శ్రద్ధగా పెట్టాడు. ఈవిడ క్లయింటు దగ్గర ఫీజు ముందే తీసుకుని ఉంటుంది, మళ్ళీ మా దగ్గర ఎందుకు తీసుకోవాలి, ఆ క్లయింటునే అడగండి అన్నాడు. తాను ఒక్క రూపాయి కూడా తీసుకోలేదని పంకజాక్షి ప్రమాణం చేసి రాసిచ్చిన కాగితం కమిషనర్ బల్ల మీదే ఉంది.

హరినాథ్ తలెత్తాడు. "ఏమ్మా, మీ లాయరుకు ఫీజు ఏమైనా ఇచ్చినారా?"

లేదు అంటే చాలు. రెండక్షరాల మాట. ఆ మాట అంటే ఫ్యాక్టరీ వాళ్ళు కట్టేస్తారు, బాకీ తీరిపోతుంది, మేడమెట్లు ఎక్కడానికి ఇంక ఏ పేరూ ఉండదు. సిద్ధమ్మకు ఇంట్లో గోడ గుర్తొచ్చింది.

"ఇచ్చినాను సామీ," అంది.

పంకజాక్షి గిరుక్కున తిరిగి చూసింది. ధనంజయ నవ్వు దాచుకోలేదు.

"ఊరికే చేయించుకునే మనిషి మాదిరి కనపడతా ఉండానా? అంతా ఇచ్చేసినాను," అని సిద్ధమ్మ ఇంకా గట్టిగా చెప్పింది. చెప్పేసి నేల చూపులు చూసింది. ఫ్యాక్టరీ వాళ్ళు ఫీజు కట్టకుండా పోతే బాకీ తన మీదే ఉంటుంది, తను కొంచెం కొంచెంగా బతికినన్నాళ్ళూ తీర్చుకోవచ్చు. ఆమె లెక్క అదీ. ఆ లెక్కలో లాయరమ్మ అబద్ధాలకోరు అవుతుందన్న సంగతి ఆమెకు తట్టనే లేదు.

కమిషనర్ మొహం ముడుచుకున్నాడు. "ప్రమాణం చేసి అబద్ధం రాసినారా మేడమ్? భోజనం తర్వాత ఈమె వాంగ్మూలం రాసుకుంటాను. ఆ తర్వాత దీని సంగతి చూస్తాను," అని లేచాడు.

ఇద్దరూ వరండాలోకి వచ్చారు. ధనంజయ అప్పుడే ఎదురు వరండాలో ఇంకో ఇద్దరు లాయర్లకు ఏదో చెబుతున్నాడు. వాళ్ళు ఇటు చూస్తున్నారు.

"ఎవరన్నా నేర్పించినారా నీకు?" అని అడిగింది పంకజాక్షి. "ఫ్యాక్టరీ వాళ్ళు ఇంటికొచ్చినారా?"

"లేదమ్మా. ఎవురూ రాలేదు."

"మరి నేనేం చేసినాను సిద్ధమ్మా నీకు? ఫీజు పోతే పోయింది. ఇన్నేళ్ళు ఈ కోర్టులో తలెత్తుకొని తిరిగినాను. రేపటి నుంచి వీళ్ళ మధ్య ఎట్ల తిరిగేది?"

లాయరమ్మ పేరు పోతుందని అప్పటికి కానీ సిద్ధమ్మకు తెలియలేదు. పంకజాక్షి బెంచీ మీదున్న క్యారియరును సంచిలోకి తోసి, అటు వైపుకు పోయి ఒక్కతే నిలబడింది. ఆ మధ్యాహ్నం ఇద్దరూ తినలేదు.

మళ్ళీ లోపలికి పిలిచినప్పుడు గుమాస్తా రాసుకోవడానికి సిద్ధంగా కూర్చున్నాడు. కమిషనర్ ఇంకా ఏమీ అడగకముందే సిద్ధమ్మ చేతులు జోడించింది. ఒకటి చెయ్యి, ఒకటి మొండి.

"అబద్ధం చెప్పినాను సామీ. ఆమెకు నేను ఒక్క రూపాయి గూడా ఇయ్యలేదు. నా ఇంటి దేవర సాక్షి."

"పొద్దున ఇచ్చినానంటివి గదా? ఇదేమన్నా ఆటనా?" అన్నాడు హరినాథ్ కోపంగా.

"చూసినారా సార్, బయట పాఠం చెప్పి తీసుకొచ్చినారు," అని ధనంజయ అందుకున్నాడు.

సిద్ధమ్మ అతని వైపు తిరగలేదు. పంకజాక్షి వైపు చూసే ధైర్యం చేయలేదు. కమిషనర్‌కే చెప్పింది.

"నేను ఈ చేత్తో తింటాను సామీ. నా తోడబుట్టిందానికి గూడా నన్ను పక్కన కూసోబెట్టుకోని తినాలంటే నామోషీ. ఈ యమ్మ ఒక్కతే నన్ను ఎదురుగా పెట్టుకోని తినింది. బాకీ ఉంటే గదా ఆమె గడప తొక్కేదానికి నాకు మొహం ఉండేది? మీరంతా కలిసి ఆ బాకీ తీర్చేస్తా ఉంటిరి. ఇంక ఏం పేరు చెప్పి పోయేది నేను? అందుకని అబద్ధమాడినాను. ఆమె మీద తప్పు వస్తాదని నాకు తెలవదు. ఆమె నిజమే రాసింది. ఆమె ఫీజు ఆమెకు ఇప్పించండి సామీ."

హరినాథ్ గొంతు సవరించుకుని, ఇది కూడా రాయాలా అని చూస్తున్న గుమాస్తాతో, "ఫీజు ఇవ్వలేదని చెప్పింది. అంతవరకు రాయి," అన్నాడు. ఫీజు మొత్తం ఫ్యాక్టరీ వాళ్ళే కట్టాలని ఉత్తర్వు అయింది. సిద్ధమ్మ వేలిముద్ర వేసింది, ఎడమచేతిది. ప్రభుత్వానికి ఆ చెయ్యే కావాలి.

బయటికొచ్చేసరికి ఎండ చల్లబడింది. పంకజాక్షి గేటు దగ్గర ఆటోను ఆపింది. ఆమె కళ్ళు ఎర్రగా ఉన్నాయి. అది పొద్దుటి కోపమో, మరొకటో సిద్ధమ్మకు తెలియలేదు. అడిగే హక్కు తనకు లేదనుకుంది. పంకజాక్షి కేసు అయిపోయినవాళ్ళందరికీ చెప్పే మాటే చెప్పింది.

"నీ డబ్బు నేరుగా బ్యాంకులో పడతాది. ఇంక నువ్వు ఇంత దూరం రావాల్సిన పని లేదు."

"పోతానమ్మా," అంది సిద్ధమ్మ.

కావాలనే అంది. ఎవరి ఇంటి నుంచైనా, ఎంత పరాయివాళ్ళ దగ్గరినుంచైనా బయలుదేరేటప్పుడు పోతాననకూడదు. అంటే ఎదుటివాళ్ళు చప్పున అడ్డుపడతారు, అదేం మాట, వస్తానని చెప్పు అని దిద్దుతారు. బస్సులో పక్కసీటు మనిషైనా దిద్దుతుంది. ఆ ఒక్క మాట కోసం సిద్ధమ్మ లాయరమ్మ మొహంలోకే చూస్తూ నిలబడింది.

పంకజాక్షి ఆటోలో ఫైళ్ళు సర్దుకుంటోంది. "సరే సిద్ధమ్మా, జాగ్రత్త," అంది. ఆటో కదిలింది.

అది రోడ్డు చివరిదాకా పోయి, కుడివైపు తిరిగి, కనబడకుండా పోయేదాకా సిద్ధమ్మ అక్కడే ఉంది. ఆ తర్వాత తన మాట తనే దిద్దుకుంది.

"వస్తానమ్మా," అంది పైకే.