గడ్డం మీది గాటు

నౌంబుర్గ్ ఊళ్లో ఒటీలియా క్రామర్ తీసిన ఫోటోలో ఎవరైనా పదేళ్లు చిన్నవాళ్లుగా కనబడేవారు. తండ్రి పోయాక, గాజు పైకప్పున్న ఆ మేడమీది స్టూడియోను ఆమే నడుపుతోంది. ఫోటో అచ్చువేసే నెగటివ్ గాజుపలక మీద పెన్సిలుతో ముడతలు పూడ్చడంలో, సన్నకత్తితో మచ్చలు గీకేయడంలో లైప్‌జిగ్ దాకా ఆమెకు పేరుంది.

1912 వసంతంలో ఒకరోజు వెండెలిన్ హాస్ ఆయాసపడుతూ మెట్లెక్కి వచ్చాడు. ద్రాక్షసారా పీపాలు చేసే మనిషి. భార్య రోజీనా పోయి నెలయింది. ఆమె ఫోటోను చట్రంతో సహా చంకలో పెట్టుకొచ్చాడు.

"అమ్మా, ఇందులో మా ఆవిడ లేదు."

"అదేంటండీ! కిందటేడు నేనే తీశాను కదా. ఆవిడ చూసుకుని మురిసిపోయారు కూడా."

"మురిసింది. 'ఈ పడుచుపిల్లకి నువ్వు తగవయ్యా' అని నన్ను ఏడిపించింది. కానీ గడ్డం మీద గాటేదీ? పెళ్లైన కొత్తలో పీపా ఇనుప కట్టు నా చేతిలోంచి జారి తగిలింది. ముప్పై ఏళ్లు రొట్టె తింటూ ఎదురుగా దాన్నే చూశాను. అది నాకు కావాలమ్మా."

ఒటీలియా పాత పలక వెతికి వెలుతురుకు పట్టింది. గాటున్న చోట తన కత్తి గీతలే ఉన్నాయి. గీకేసింది మళ్లీ రాదు.

"ఉంచమంటారా, తీయమంటారా అని ఆవిడను అడగనైనా లేదు నేను," అంది తల దించుకుని.

కొత్త ప్రతి అచ్చువేసి, హాస్‌ను పక్కన కూర్చోబెట్టుకుని, సన్నకుంచెతో తెల్లరంగు అందుకుంది.

"ఇక్కడా?"

"ఇంకాస్త కిందికి. అబ్బే, అంత పొడుగు కాదు. చివర కొంచెం వంకర తిరగాలి."

నాలుగు ప్రతులు పాడయ్యాయి. అయిదోది చేతికి తీసుకుని హాస్ కిటికీ దగ్గర వెలుతురుకు పట్టి చూశాడు.

"వచ్చేసింది," అన్నాడు చివరికి.

ఆనాటి నుంచి ఒటీలియా అడగకుండా ఏ ముఖాన్నీ ముట్టుకోలేదు. "ఇన్ని ముడతలా! వేరే ఎవరి ఫోటోనో ఇచ్చినట్టున్నావు," అని జడ్జిగారి భార్య విసురుగా వెళ్లిపోయింది. ఆమె వెనకే పెద్దింటి ఆడవాళ్లు చాలామంది రావడం మానేశారు. రెండేళ్లు స్టూడియో వెలవెలబోయింది. తర్వాత మెల్లగా ద్రాక్షతోటల కూలీలు, చాకలివాళ్లు, జాలె నది పడవవాళ్లు రాసాగారు. "ఉన్నదున్నట్టు తియ్యి తల్లీ, మా పిల్లలు గుర్తుపట్టాలి," అనేవారు.

ఒటీలియాకు యాభై దాటాక లైప్‌జిగ్‌లో ఆ ఫోటోలను ప్రదర్శనకు పెట్టారు. మొదటిరోజు ఆమె వెళ్లింది. గోడల వంక పెద్దగా చూడలేదు. ఒక మూల నిలబడి, చూడవచ్చినవాళ్ల ముఖాలనే చూస్తూ ఉండిపోయింది.