స్కోపు తీసేశాక

వదిన సోల్డరింగ్ ఐరన్ మొనను తడి స్పాంజికి రుద్దింది, సుయ్‌మంది. బల్ల మీద బస్టాండు గడియారపు బోర్డు ఉంది. గది అవతలి మూలనున్న పెట్టె నుంచి పొడవాటి కేబులు వెంట వచ్చే టిక్కులను దానిలోని చిప్ లెక్కపెట్టి టైము చూపించాలి. నిన్నటి నుంచి అది టైమును పరుగులు పెట్టిస్తోంది.

"దీని లెక్కన మనం ఎప్పుడో రిటైరయ్యాం వదినా," అంది పక్క స్టూలు మీది ఆడపడుచు.

వదిన నవ్వలేదు. సాయంత్రం వ్యాను వస్తుంది. ఆవిడా, ఆవిడతో పాటు తీగల్లో నడిచే సిగ్నల్ని తెర మీద గీతగా చూపించే స్కోపూ తమ రెండో షాపుకు వెళ్లిపోవాలి. పెళ్లయిన కొత్తలో భర్త నేర్పిన పని ఇది. ఆయన పోయాక ఈ బల్లే ఇల్లు నడిపింది. ఆడపడుచుకు పని నేర్పిందీ ఇక్కడే. ఈ బోర్డు తన కళ్ల ముందు సవ్యంగా నడిస్తే, పిల్ల ఒక్కతే నెట్టుకొస్తుందని ధైర్యంగా బండెక్కవచ్చు.

కేబులు చివర, చిప్ దగ్గర స్కోపు తగిలించింది. గడియారం బుద్ధిగా నడిచింది. తీసింది. మళ్లీ పరుగు.

"అత్తగారి ముందు కోడల్లా ఉంది దీని వాలకం."

"నోరు మూసుకుని తీగలు చూడవే!"

అన్నాలు తిన్నాక ఆడపడుచు వేలు స్కోపు మీట దగ్గర ఆగింది.

"వదినా, ఇది యాభై ఓమ్‌ల నిరోధం మీద ఉంది. ఎవరు పెట్టారు?"

పెట్టింది వదినే, వేరే పనికి. తిప్పడం మరిచిపోయింది. కేబులు చివర దానికి తగ్గ నిరోధం లేకపోతే టిక్కు గోడకు కొట్టిన బంతిలా వెనక్కి తుళ్లుతుంది. చిప్ ఒకదాన్ని రెండుగా లెక్కపెడుతుంది. బోర్డు మీద ఉండాల్సిన ఆ నిరోధం ఇంతసేపూ స్కోపు లోపల ఉంది.

"డాక్టరు చెయ్యి పట్టుకున్నంతసేపే జ్వరం తగ్గిందన్నమాట!"

వదిన కళ్లలో నీళ్లు తిరిగేదాకా నవ్వింది. "ముసలిదాన్నయిపోయానే."

"కాలేదులే. ఆ యాభై ఓమ్‌ల రెసిస్టరు ఇటివ్వు."

వదిన రెసిస్టరు కాళ్లు వంచి ఇచ్చింది. ఆడపడుచు దాన్ని చిప్ పక్కనే అతికించింది. మిగిలిన కాళ్లను వదిన కత్తిరించింది. స్కోపు తీసేశారు. ఇద్దరూ తలెత్తి గోడ వైపు చూశారు. బోర్డు గోడ గడియారంతో అడుగులో అడుగు వేసింది.

"ఇంక దర్జాగా వెళ్లు," అంది ఆడపడుచు కేబులు చుడుతూ. "ఆదివారం భోజనానికి రాకపోయావో, అన్నయ్య ఫొటోకి చాడీలు చెప్తా."

"చెప్పుకో. పొగ పీల్చకు, కిటికీ తీసి పెట్టుకో."

బయట హారను మోగింది. వదిన స్కోపును చంటిపిల్లలా పొదివి పట్టుకుని, గుమ్మం దాటేదాకా నవ్వుతూనే వెళ్లింది.

బల్ల మీద ఆవిడ కత్తిరించిన రెసిస్టరు కాళ్లు ఫాను గాలికి మెల్లగా దొర్లి, బోర్డు అంచుకు ఆనుకుని ఆగాయి.