పది ఎం.ఎం. సన్నమర బోల్టు

బెజవాడ చేపల మార్కెట్లో కాశీరావు పని ఎండెక్కకముందే అయిపోతుంది. గంపలు కడిగి బోర్లించి, నిలబడే టీ తాగి, ఈమధ్య రోజూ ఆటోనగర్ బస్సెక్కుతున్నాడు. చేతులు ఎంత తోమినా చేపల వాసన పోదు. పక్క సీటువాళ్ళు ముక్కు మూసుకుంటారు, అతను పట్టించుకోడు. అతని మనసంతా ఒక్క బోల్టు మీదే ఉంది.

ఆ బోల్టు దొరక్కపోతే బండి కదలదు. బండి కదలకపోతే అన్న హనుమయ్య ఆసుపత్రికి రానని మొండికేశాడు.

హనుమయ్యకి కిడ్నీలు రెండూ పోయాయి. వారానికి రెండుసార్లు పామర్రు నుంచి బెజవాడ వచ్చి డయాలసిస్ చేయించుకోవాలి. ఉన్నట్టుండి మానేశాడు. కాళ్ళు వాచాయి, ఆయాసం మొదలైంది. ఇలాగే ఉంటే ఎన్నాళ్ళో చెప్పలేమని డాక్టరు కాశీరావుని పక్కకి పిలిచి చెప్పాడు. ఆటో తెస్తే ఎక్కడు, కారు తెస్తే ఎక్కడు.

"మన యమహా మీదయితే వస్తానురా," అన్నాడు చివరికి.

అన్నదమ్ములిద్దరూ వయసులో ఉండగా కొల్లేటి చేపలు బెజవాడకి మోసిన జపాన్ బండి అది. హనుమయ్య ఇంటి వసారా పక్కన ఏళ్ళ తరబడి మూలపడి ఉంది. కాశీరావు మాట పట్టుకున్నాడు. కార్బొరేటర్ కడిగాడు, ప్లగ్గు మార్చాడు, టైర్లు వేయించాడు. అంతా అయ్యాక చూస్తే, ఇంజన్ని ఫ్రేముకి పట్టి ఉంచే రెండు బోల్టుల్లో ఒకటి మాయమైంది.

పామర్రులో ట్రాక్టరు సామాన్ల కొట్టువాడు చెయ్యి పెట్టి మూడు సూతుల బోల్టు తీసిచ్చాడు. ట్రాక్టరుకైనా, చేలో మోటారుకైనా, తలుపు గడియకైనా అక్కడ అంగుళాలూ సూతుల లెక్కే. అది బెజ్జంలో వదులుగా ఊగింది. జపాన్ వాళ్ళది మిల్లీమీటర్ల లెక్క కదా అని పది ఎం.ఎం. బోల్టు తెస్తే, రెండు చుట్లు తిరిగి బిగుసుకుపోయింది. కాశీరావు స్పానర్ మీద కాలేసి తొక్కబోయాడు.

"ఆగు కాశీ! లోపలి మరలు పోతే ఇంజన్ మొత్తం పోతుంది," అని కొండలమ్మ వదిన కేకేసింది.

లావు సరిపోయినా దాని మర ముతకది. ఈ బండికి కావలసింది సన్నమర. ఆ సన్నమర కోసమే ఆటోనగర్లో సీతారావమ్మ బోల్టుల కొట్టుకి తిరుగుతున్నాడు.

సీతారావమ్మ కొట్లో బోల్టుని ఎవరూ వెతకరు. బండి సంగతి చెప్పి బల్ల మీద కూర్చుంటే చాలు. కావలసిన బోల్టు డబ్బాలోంచి దిగి, గుమ్మం దాటి, ఆ బండి ఉన్న వైపుకి దొర్లుకుంటూ పోతుంది. వెనకాల బండివాడు పరిగెడతాడు. లారీ డ్రైవర్లు బ్రేకేసి దారిస్తారు. ఆటోనగర్లో ఇదంతా మామూలే.

కాశీరావు బండికి మాత్రం ఒక్క బోల్టూ కదల్లేదు. వచ్చిన ప్రతిరోజూ అంతే.

"ఇంకోసారి చూడండి సీతారావమ్మగారూ. మా అన్నయ్య ప్రాణం దాని మీద ఉందండీ."

"నా దగ్గర లేక కాదండీ," అందావిడ కళ్ళజోడు తుడుచుకుంటూ. "మీ బండి బోల్టు ఎక్కడో భద్రంగానే ఉంది. సొంతది ఉండగా నావి కదలవు. రెండోది తెచ్చారా? కింద పెట్టండి. జతది ఎక్కడుంటే అక్కడికి పోతుంది."

నమూనాకని బండికి విప్పి తెచ్చినదాన్ని కాశీరావు జేబులోంచి తీసి గచ్చు మీద పెట్టాడు. అది ఒళ్ళు విరుచుకున్నట్టు కాస్త కదిలి, గుమ్మం దూకి, బందరు రోడ్డెక్కి, బస్సు మెట్టు దగ్గర ఆగింది. కండక్టర్ వంగి తీసి కాశీరావు చేతికిచ్చాడు.

"దీనికి టిక్కెట్ అక్కర్లేదు లెండి. మీరెక్కడికి?"

"అదెక్కడికంటే అక్కడికండీ."

కంకిపాడులో పాతినుప సామాన్లవాడి దగ్గర ఉందేమో అనుకున్నాడు. కంకిపాడు వచ్చింది, బోల్టు కదల్లేదు. ఉయ్యూరు దాటింది, కదల్లేదు. పామర్రులో మాత్రం గుప్పిట్లోంచి ఎగిరి దూకింది. సందు తిరిగి, హనుమయ్య ఇంటి ముందుకొచ్చి, బండి వంక చూడనైనా చూడకుండా మెట్లెక్కి లోపలికి పోయింది. మంచం కింద ఆగి టకటకా నేలని కొట్టసాగింది.

హనుమయ్య కళ్ళు మూసుకునే ఉన్నాడు. "నువ్వింత పని చేస్తావని అనుకోలేదురా," అని లుంగీ కాస్త పక్కకి జరిపాడు. మొలతాడుకి ముడి మీద ముడి వేసి కట్టి ఉంది మాయమైన బోల్టు. ఆ తాడు బిగుసుకుని వాకిట్లో బండి వైపుకి లాగుతోంది. నడుం చుట్టూ ఎర్రటి చార పడింది.

కాశీరావుకి ఒళ్ళు మండింది, ఏడుపూ వచ్చింది. "ఊరంతా నేను వెర్రిమొహమేసుకుని తిరుగుతుంటే, నువ్వు నడుముకి కట్టుకుని పడుకున్నావా అన్నయ్యా?"

"ఆ బండి ఇక లేవదన్న ధైర్యంతోనే దాని మీదొస్తానన్నానురా. నువ్వేమో లేపేస్తున్నావు," అన్నాడు హనుమయ్య ఆయాసపడుతూ. "ఆసుపత్రికి వెళ్ళొచ్చిన ప్రతిసారీ మీ వదిన ముద్ద ముట్టదు. నీ బేరం పాడు. ఎవరికోసంరా ఈ బతుకు?"

"నాకోసం. పొద్దున లేస్తే తిట్టడానికి నాకింకెవరున్నారు?"

కొండలమ్మ గుమ్మంలో నిలబడి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. కాశీరావు మంచం పట్టె మీద కూలబడ్డాడు.

"ముడి విప్పెయ్ అన్నయ్యా. దాని దారిన అది పోతుంది. నువ్వు పడుకో. నేనింక అడగను."

హనుమయ్య వేళ్ళు ముడి దాకా వెళ్ళాయి. అక్కడే ఆగిపోయాయి. తమ్ముడి చేతులకేసి చూశాడు. గ్రీజు, చేప పొలుసులు, స్పానర్ జారి చెక్కుకుపోయిన కణుపులు. ముడి వదిలేసి, వాచిన కాళ్ళు నెమ్మదిగా కిందికి దించాడు.

బోల్టు లాగింది. పలుపు పట్టుకుని దూడ వెనకాల పోయేవాడిలా హనుమయ్య వెనక్కి వాలుతూ, గోడ పట్టుకుంటూ, వసారా దాటి వాకిట్లోకి నడిచాడు. కొండలమ్మ పట్టుకోబోతే వద్దన్నాడు. మంచం కింది బోల్టు కూడా పక్కనే దొర్లుకుంటూ వచ్చింది. బండి దగ్గరికి చేరగానే రెండూ చెరో బెజ్జంలోకి దూరి, చివరి చుట్టు దాకా మెత్తగా తిరిగాయి. మొలతాడు ముళ్ళు ఒక్కొక్కటే వాటంతటవే విడిపోయాయి.

హనుమయ్య వెనక సీటు మీద కూర్చుని, రెండు చేతులతో తమ్ముడి నడుం పట్టుకున్నాడు.

"కిక్ కొట్టరా. ఆలస్యమైతే నా బెడ్డు ఇంకెవరికైనా ఇచ్చేస్తారు."