విల్‌ఫ్రెడ్ భయపడిన మధ్యాహ్నం

మోర్‌కాంబ్ అనే ఇంగ్లండ్ ఊళ్ళో, సముద్రం ఒడ్డున ఉన్న మా థియేటర్లో విల్‌ఫ్రెడ్ ఎంట్‌విజిల్ ఆట అంటే చాలు, టికెట్లు దొరికేవి కావు. బట్టల మిల్లు కార్మికుడి కొడుకు. పబ్బుల్లో పాటలు పాడుతూ మొదలై, హాస్యనాటకాల్లో పేరు తెచ్చుకుని, చివరికి వాటికి దర్శకుడూ అయ్యాడు. "నవ్వు ఆగేలోపే తలుపు తెరుచుకోవాలి!" అని నటుల్ని కాల్చుకు తినేవాడు. తెర పక్కన కూర్చుని, మాట మరిచినవాళ్ళకి అందించడం నా పని. అతనికి మాత్రం ఏళ్ళ తరబడి అందించాల్సిన అవసరం రాలేదు.

ఒక వేసవిలో, రిహార్సల్ మధ్యలో నా వైపు చూసి, "అమ్మాయ్, నీ పేరేంటి?" అన్నాడు.

"ఇంగ్లండ్ రాణిని," అన్నాను, ఏళ్ళుగా నన్నెరిగినవాడు వేళాకోళమాడుతున్నాడనుకుని.

నవ్వలేదు. నా మొహంలో ఏదో వెతుకుతున్నట్టు చూశాడు. కాసేపటికి తేరుకుని దగ్గరికొచ్చాడు.

"హిల్డా, ఎవరికీ చెప్పకు. మా నాన్నా ఇలాగే మనుషుల్ని మర్చిపోయేవాడు. చివర్లో అద్దంలో తన మొహం చూసుకునే జడుసుకునేవాడు."

నేను చెప్పలేదు. కానీ ప్రతి ఆటకీ నాటకం పుస్తకంలో అతని మాటల మీద వేలు పెట్టుకుని కూర్చునేదాన్ని.

ఒక బుధవారం మధ్యాహ్నం ఆట. హాలు నిండా ముసలివాళ్ళు. విల్‌ఫ్రెడ్ ప్యాంటు లేకుండా అల్మారాలోంచి దూకాలి. దూకి, కొయ్యబారిపోయాడు. మాట అందించాను. మళ్ళీ అందించాను. నా వైపు చూశాడు గానీ, ఆ చూపులో నేను లేను.

"ఇదెవరిల్లు?" అన్నాడు.

హాలు గొల్లున నవ్వింది.

"నా ప్యాంటేది? వీళ్ళంతా ఎవరు? ఎందుకు నవ్వుతున్నారు?"

అతను వణికినకొద్దీ నవ్వు పెరిగింది. ముందు వరసలో ఒకావిడ కళ్ళు తుడుచుకుంటూ, "అబ్బ, చంపేస్తున్నాడే!" అంది. భార్య వేషంలో ఉన్న డోరీన్ మొహం పాలిపోయింది.

"మా అమ్మని పిలవండి!" అని అరిచాడు.

ఉన్నపళంగా స్టేజీ మీదికి నడిచాను. "అమ్మ బయటుంది. రా నాయనా," అన్నాను. నా చేతిలో గోళ్ళు దిగేలా పట్టుకుని వెంట వచ్చాడు. వెనక చప్పట్లు మోగుతున్నాయి.

మేకప్ గదిలో దుప్పటి కప్పాక మళ్ళీ మామూలు మనిషయ్యాడు.

"వాళ్ళంతా నా మీదికొస్తున్నట్టే అనిపించింది, హిల్డా," అన్నాడు.

సాయంత్రం అందరినీ పిలిచి తన మతిమరుపు సంగతి తానే చెప్పేశాడు. తన వేషం ఇంకొకరికిచ్చాడు. మళ్ళీ స్టేజీ ఎక్కలేదు.

ఇప్పుడు వృద్ధాశ్రమంలో ఉన్నాడు. ఆదివారాలు వెళ్తాను. నేనెవరో తెలియదు. పక్క గదిలో టీవీలో జనం నవ్వితే మాత్రం దుప్పటి ముసుగేసుకుంటాడు. నేను లేచి వెళ్ళి, కాస్త తగ్గించమని వాళ్ళని అడిగి వస్తాను.