మూడు వేళ్లతో తుడిచిన ముఖం

పది గంటలకు డెమో. ఎనిమిదింటికి బొల్లారంలో బస్సెక్కాను. ఒళ్లో మా చెల్లెలి కూతురు గ్రేసీ ఇచ్చిన ట్యాబ్, చేతిలో దాని పెన్ను. రాంగోపాల్‌పేట్‌లో మా బడి. అక్కడ ఇరవై రెండేళ్లుగా డ్రాయింగ్ టీచర్ని. ఈ రోజు ట్యాబ్ మీద బొమ్మ గీసి చూపిస్తే నా పీరియడ్లు నాకుంటాయి. లేకపోతే అవి కంప్యూటర్ సార్ దుర్గేష్‌కి పోతాయి, నేను ఇంటికి పోతాను. కరస్పాండెంట్ రామభద్రరావు గారు శుక్రవారం ఈ మాట నవ్వుతూ చెప్పారు. నవ్వుతూ చెప్పేవాళ్లంటే నాకు ఒళ్లు మంట.

శనివారం గ్రేసీ నేర్పింది నేర్పినట్టే మరిచిపోయాను. ఆదివారం సగం చర్చికే పోయింది. ఇక మిగిలింది ఈ బస్సే. బస్సు గుంతలో పడినప్పుడల్లా గీత చెంప దాటి చెవిదాకా పోతోంది. అరచేయి ఆనిస్తే అదో మరక. ఆడలేక మద్దెల ఓడన్నట్టు కాసేపు పెన్నును తిట్టాను. చాక్‌పీస్‌తో కళ్లు మూసుకుని నెమలిని గీసేదాన్ని, ఇక్కడ ఒక్క గుండ్రం కుదరట్లేదు. ఏడుపొచ్చింది. కొంగుతో కళ్లు తుడుచుకున్నాను.

తిరుమలగిరిలో ఆకుకూరల మూటతో ఒక ముసలామె ఎక్కి నా పక్కన కూర్చుంది. పేరు దేవమ్మట.

"ఏందీ బిడ్డా, గీ పలకకు బలపం లేదా?"

"ఇదే బలపమమ్మా. నా పానం తీస్తోంది."

"అయితే జెర నన్ను గియ్యరాదు. గీ మొఖాన్ని ఇంతవరకు ఎవ్వరూ గియ్యలే."

కార్ఖానా దగ్గర ట్రాఫిక్ జామ్. పావుగంట బస్సు కదల్లేదు. అందరూ డ్రైవర్ని తిడుతుంటే నేను ప్రభువుకు స్తోత్రం చెప్పుకున్నాను. ముక్కుపుడక, ముడతలు, పళ్లు లేని నవ్వు, ఒక్కొక్కటే తెర మీదికి వచ్చాయి. దేవమ్మ చూసి నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. "అచ్చం మా అవ్వ లెక్క ఉన్న" అంది. ప్యారడైజ్ దగ్గర దిగిపోయింది.

పదింటికి బడిలో ట్యాబ్‌ని స్మార్ట్‌బోర్డుకు కలిపి ఆ ముఖమే పెట్టాను. టీచర్లంతా బాగుందన్నారు. నాకు ధైర్యం వచ్చింది. వాళ్ల ఎదురుగానే ట్యాబ్ మీద గడ్డం కింద కాస్త నీడ వేశాను. ఎక్కువైంది. చాక్ ఎక్కువైతే మూడు వేళ్లతో రుద్దేయడం నా అలవాటు. ఆలోచించకుండా రుద్దాను.

ముఖమంతా పోయింది. తెర తెల్లగా మిగిలింది.

"ప్రభువా" అన్నాను పైకే. వెనక ఎవరో నవ్వారు. గ్రేసీ ఏదో చెప్పిందే, ఏం చెప్పింది? ఎక్కడ నొక్కాలో తెలియక ఎక్కడా నొక్కలేదు.

దుర్గేష్ లేచి వచ్చాడు. మనిషి మంచివాడే. "పరేషాన్ కాకండి మేడమ్, మూడు వేళ్లతో రుద్దితే మొత్తం చెరిగిపోతది, రెండు వేళ్లతో తడితే వచ్చేస్తది" అని తట్టాడు. దేవమ్మ ముక్కుపుడకతో సహా తిరిగొచ్చింది.

రామభద్రరావు గారు చప్పట్లు కొట్టారు. "చూశారా, తెలిసినవాళ్ల చేతిలో ఎంత సులువో! రేపటినుంచి డ్రాయింగ్ దుర్గేష్ సార్ చూసుకుంటారు."

"సార్, ఆ ముఖం గీసింది నేను" అన్నాను.

"ఎవరు కాదన్నారు మేడమ్?" అని ఆయన దుర్గేష్ వైపు తిరిగారు. "ఈ బొమ్మ మన బ్రోషర్ అట్టమీదికి బాగుంటుంది. పంపించండి."