పైకా, కిందికా

కూ... అని పైకి పోతుంది.

కూ... అని కిందికి దిగుతుంది.

హార్బర్‌లో ఓడ కూత కాదది. చిట్టిబాబు చెవులకు తగిలించిన హెడ్‌ఫోన్ కూత. శబ్దం పైకి వెళ్లిందా, కిందికి దిగిందా — వాడు టాబ్లెట్ మీద వేలితో నొక్కాలి. మొదట ఏది, తర్వాత ఏది — వరస తప్పకూడదు.

జ్ఞాపకం కుదుటపడటానికి ఆసుపత్రి వాళ్లిచ్చిన శిక్షణ, రోజుకో గంట. పది వారాలు.

ఎవరూ అనని మాటలు వినే కుర్రాడికి ఇంకా శబ్దాలు వినిపించడమేమిటని ఆ దీవిలోని బతు బస్తీ అంతా నవ్వింది. శ్రుతి మించిన చెవికి స్మృతి నేర్పుతారట!

ఆసుపత్రిలో స్కిజోఫ్రీనియా అన్నారు. ఇంట్లో దానికి వేరే పేరు — వాడి తల్లి పుట్టింటి నెత్తురు. తల్లి పేరు తాతమ్మ.

"మా వోళ్లల్లో ఈ రోగం నేదు. నీతోనే ఓడెక్కి వచ్చింది," అనేది అత్త బుల్లమ్మ, చేపలు తోముతూ. ఏడేళ్లుగా అదే మాట, అదే చేపల వాసన. తాతమ్మ భర్త అప్పయ్య వల కుట్టుకుంటూ వినేవాడు. ఔననేవాడు కాదు. కాదనేవాడూ కాదు.

శిక్షణకు ముందు కొడుకు చేతి నుంచి ఒక గొట్టం రక్తం తీశారు. అయ్యాక ఇంకొకటి తీస్తారట. జన్యువులు చూడటానికట. జన్యువులంటే తల్లీ తండ్రీ ఇచ్చేవని తాతమ్మ టీవీలో వింది. అంటే తేలుస్తారు. ఎవరి నెత్తురో కాగితం మీద రాసిస్తారు.

ఆ కాగితం కోసం పది వారాలు వాడి పక్కన కూర్చుంది.

పైకి. కిందికి. పైకి...

వాడు తేరుకున్నాడు. కొట్టుకు పంపితే మూడు సరుకులూ చెప్పిన వరసలో తెచ్చాడు — ఉప్పు, చింతపండు, అగ్గిపెట్టె. ఆ అగ్గిపెట్టెలో ఒక్క పుల్లనూ తాతమ్మ రెండు రోజులు మురిపెంతో గీయలేదు.

గుర్తు రానిది ఒక్కటే. రెండేళ్ల కిందటి వానాకాలం, పడవల షెడ్డులో నాలుగు రోజులు. ఆ ఊసు ఇంట్లో ఎవరూ ఎత్తలేదు. వాడి మరుపే ఆ ఇంటి మర్యాద.

ఆఖరి రోజు తాతమ్మ అత్తనూ మొగుణ్ణీ ఆసుపత్రికి వెంటబెట్టుకు వెళ్లింది. నర్సు కళ రక్తం తీసింది. టాబ్లెట్ వెనక్కి తీసుకుంది.

"దీదీ, ఇప్పుడు చెప్పండి. ఎవరి వైపుది? వీళ్లు వినేలాగ చెప్పండి," అంది తాతమ్మ.

కళకు ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక కుర్చీ లాక్కుని అందరికీ విడమరిచింది. ఎవరి వైపుదో చూసే పరీక్ష కాదిది. ఉన్న జన్యువుల్లో ఏది ఎంత పనిచేస్తోంది, శిక్షణ తర్వాత అది మారిందా — అంతే చూస్తారు. అదైనా ఈ శిక్షణ తీసుకున్న అరవై మందివీ కలిపి. ఇంటికొక కాగితం రాదు.

రక్తం తీశారు. సంబంధం తేల్చలేదు.

"కాదని కాయితం నేదు కదా," అంది బుల్లమ్మ, కొంగు సర్దుకుని. "అయితే నే సెప్పిందే."

అప్పుడు చిట్టిబాబు నోరు విప్పాడు. రోజూ పాఠం ఒప్పజెప్పే గొంతుతోనే.

"షెడ్డులో మొదట నాన్న తాడు తెచ్చి కట్టాడు. తర్వాత మామ్మ తలుపేసింది. తర్వాత అమ్మ కంచం తెచ్చింది. కంచం పెట్టి, తాడు చూసి... ఎళ్లిపోయింది."

వరస తప్పలేదు.

అప్పయ్య చెప్పుల కోసం వెతుక్కున్నాడు. అవి కాళ్లకే ఉన్నాయి. బుల్లమ్మ కొంగు మళ్లీ సర్దుకుంది. తాతమ్మకు సర్దుకోవడానికి ఏమీ దొరకలేదు.

కిటికీ అవతల హార్బర్‌లో ఓడ కూసింది.

కూ...

ఆమె కొడుకు చేతి వంక చూసింది. టాబ్లెట్ లేదు. వేలు మాత్రం గాలిలో ఆగి ఉంది.

పైకా —

కిందికా...